కబురు చెప్పే పాఠం

“సాయంత్రం రావలసినదానివి, పొద్దున్నే ఊడిపడ్డావేమిటి?” తలుపు తీస్తూ అడిగింది టీచరు.

నర్సు ఇంకా యూనిఫాంలోనే ఉంది. “డ్యూటీ దిగి ఇటే వచ్చేశాను టీచర్.”

“రేపు పరీక్ష పెట్టుకుని నిద్ర మానేస్తావా? సరే, రా. మీ వార్డులో మా అక్క మందులు వేసుకుందా, మళ్లీ పేచీ పెట్టిందా?”

“రాత్రి వేసుకున్నారు. మిమ్మల్నే తలుచుకున్నారు.”

“తిట్టి ఉంటుంది, తుంటి ఆపరేషనుకి నేనే బలవంతపెట్టానని. ఎల్లుండి ఇంటికి రానీ, చెప్తాను దాని పని. నువ్వు కూడా వెళ్లిపోయాక మేమిద్దరమేగా, ఒకరినొకరం సాధించుకోవడానికి.”

అక్క మంచం మీద కొత్త దుప్పటి సగం పరిచి ఉంది. దాన్ని అలాగే వదిలేసి టీచరు కుర్చీ లాక్కుంది.

ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో నర్సు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. రేపు కూడా తప్పితే పైదేశం ఆసుపత్రి ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. రెండుసార్లూ ఒకే చోట గొంతు పెగల్లేదు. రోగి చనిపోయాడని బంధువుకు చెప్పాల్సిన చోట.

“ఇవాళ అదే చేద్దాం టీచర్,” అంది నర్సు.

“మంచిది. నేను రోగి కూతుర్ని. మొదలుపెట్టు.”

“గుడ్ మార్నింగ్, మేడమ్. ఐ యామ్...” నర్సు ఆగిపోయింది.

“నేలచూపులు చూడకు. మార్కులు పోయేది అక్కడే.”

లోపలి గదిలో ఫోను మోగింది. టీచరు లేవబోతే నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. “ముందు ఇది అవనివ్వండి.”

“అబ్బో, ఈ పట్టుదల మొదట్నుంచీ ఉంటే ఈపాటికి విమానం ఎక్కేసేదానివి. ఊఁ, కానీ.”

ఫోను మోగి మోగి ఊరుకుంది.

“ఐ హావ్ బ్యాడ్ న్యూస్, మేడమ్. యువర్ మదర్... వియ్ ట్రైడ్ ఎవ్రీథింగ్.”

“ట్రై చేస్తే? బతికిందా, పోయిందా? అవతలి మనిషిని అలా వేలాడదీయకూడదమ్మా. అసలు మాట చెప్పు.”

“షి డైడ్ దిస్ మార్నింగ్. హర్ హార్ట్ స్టాప్డ్.” నర్సు గొంతు వణికింది.

“మాటల్లో తప్పు లేదు. ఆ వణుకేమిటి మరి? నువ్వే ఏడిస్తే ఆవిడ ఎవర్ని పట్టుకుని ఏడవాలి?”

నర్సు మెల్లగా అడిగింది. “ఆవిడకి ఇంకెవరూ లేకపోతే, టీచర్?”

“అయితే పక్కన కూర్చో. చెయ్యి పట్టుకో. చెప్పేసి పారిపోకు. డొంకతిరుగుడు మాత్రం వద్దు, పోయిందెవరో ఒక్క ముక్కలో చెప్పెయ్. ఏదీ, చివరిసారి.”

నర్సు కుర్చీ జరుపుకుని పక్కకు వచ్చింది. టీచరు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఈసారి కళ్లలోకే చూసింది.

“ఆఁ, ఇలా ఉండాలి,” అంది టీచరు. “ఇప్పుడు చెప్పు.”

“మీ అక్కగారు, టీచర్.”