ఫారెస్టరు గారి దగ్గు

“ఇంక ఎవరూ రారక్కా. మొదలుపెట్టేద్దాం,” అన్నాడు తమ్ముడు గడియారం చూసుకుంటూ.

“ఇంకో పది నిమిషాలు ఆగరా.”

“ఎవరి కోసం? తొంభై మూడేళ్లు బతికినాయనకి తోటివాళ్లు ఎక్కడ మిగులుతారు?”

నాన్న సంస్మరణ సభకని అక్క హాల్లో నలభై కుర్చీలు వేయించింది. కూర్చున్నది పన్నెండు మంది. అందరూ ఇంటివాళ్లే. నాన్న దాచుకున్న చిన్న పుస్తకంలోని నంబర్లన్నిటికీ వారం రోజులుగా ఫోన్లు చేసింది. కొన్ని మోగనే లేదు. మోగినచోట, “ఆయన పోయి చాన్నాళ్లయిందండీ” అన్నారు. ముప్ఫై రెండేళ్లు ఫారెస్టరుగా చేసిన మనిషి. ఆయన్ని అడవిలో చూసినవాడు ఒక్కడొచ్చి నాలుగు ముక్కలు చెబితే చాలనుకుంది. ఆ ఒక్కడు దొరకలేదు.

సభ మొదలైంది. నాన్న క్రమశిక్షణ గురించి తమ్ముడు కాగితం చూసి చదివాడు. తాతయ్య టీవీ పెడితే వీధి చివరిదాకా వార్తలు వినబడేవని మనవడు చెబితే అందరూ నవ్వారు. మామయ్యగారు ఒక్కపూట కూడా మాత్రలు మర్చిపోలేదని కోడలు అంది.

వీళ్లంతా చెబుతున్నది చివరి పదేళ్ల ముసలాయన గురించి అనుకుంది అక్క. ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడింది. నెలకోసారి ఇంటికొచ్చి, ఒళ్లెరగకుండా నిద్రపోయి, తెల్లారగానే ఖాకీ బట్టలేసుకుని వెళ్లిపోయే మనిషి గురించి ఏం చెబుతుంది? ఆయన తనతో పట్టుమని పది మాటలు మాట్లాడిన గుర్తు లేదు. తనంటే ఇష్టమో కాదో కూడా ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయింది.

“మా నాన్నకి అడవే లోకం,” అని కూర్చుండిపోయింది.

“నేనో మాట చెప్పొచ్చా అమ్మా?”

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మం పక్కన, చివరి కుర్చీలో ఒక ముసలాయన. ఎనభై దాటి ఉంటాయి. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఎవరూ గమనించలేదు.

“పేపర్లో రెండు ముక్కలు పడ్డాయని మా మనవరాలు చదివి వినిపించింది. ఆయన తిరిగిన అడవిలోనే నేనూ తిరిగాను. పాతికేళ్ల పైమాటే.”

అక్కకి ప్రాణం లేచొచ్చింది. “రండి, ముందుకొచ్చి మాట్లాడండి.”

“ఇక్కడే బాగుందమ్మా.” ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. “ఆయన ఎడమ బూటు కిర్రుమనేది. వాగు దాటేముందు రెండుసార్లు దగ్గేవారు. చీకట్లోనైనా సరే, ఆ దగ్గు వింటే ఎంత దూరంలో ఉన్నారో చెప్పేసేవాణ్ణి. అడవిలో మాట్లాడటానికి మనుషులుండరు కదా. చెట్లతో మాట్లాడేవారు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే బండ మీద కూర్చుని పైకే చదువుకునేవారు.”

“మా నాన్నా?”

“ఆడపిల్ల పుట్టిందని రాసిన ఉత్తరం మూడుసార్లు చదివారు. చదివి, పక్కనున్న టేకుచెట్టుని తట్టి, ‘నాకు కూతురు పుట్టిందిరా’ అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చారు. సెలవు దొరకలేదు కాబోలు.”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అప్పుడు మీరు పక్కనే ఉన్నారా?”

“ఇరవై అడుగులుంటుంది.”

“దగ్గరికెళ్లి ఓదార్పుగా ఒక్కమాట అనలేకపోయారా?”

“అనాలనిపించిందమ్మా. కాలు కదల్లేదు. ఇప్పటికీ అదే బాధ.”

తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీరు గార్డుగా చేశారా?”

“నాకంత చదువెక్కడిది బాబూ. చెట్ల పని. వేళాపాళా ఉండేది కాదు.” ఆయన కండువా సర్దుకున్నాడు. “ఓసారి మూడు రోజులు ఆయన అలికిడి లేదు. జ్వరమని తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ నాకు చెయ్యి ఆడలేదు. నాలుగో రోజు వాగు దగ్గర దగ్గు వినబడేసరికి చెట్టుకి ఆనుకుని అలాగే కూలబడ్డాను. రిటైరై వెళ్లిపోయాక అడవి బోసిపోయింది. నాకూ ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. మానేశాను.”

ఆయన నమస్కారం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. అక్క గబగబా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

“అలా వెళ్లిపోతే ఎలాగండీ. ఈ ఇంట్లో మా నాన్నని మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రండి, ఆయన దగ్గర రెండు పూలు పెట్టి వెళ్లండి.”

చెయ్యి పట్టుకునే నాన్న ఫొటో పెట్టిన బల్ల దాకా నడిపించింది. ముసలాయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఫొటో మీదికి వంగి నుదురు, కళ్లు, మీసం ఒక్కొక్కటే చూశాడు. పూలు చేతిలోనే ఉండిపోయాయి.

“ఈయనేనా?” అన్నాడు మెల్లగా.

అక్క తెల్లబోయింది. “అదేంటండీ, పాతికేళ్లు ఒకే అడవిలో తిరిగి గుర్తుపట్టలేదా?”

“ముఖం చూడటం ఇదే మొదటిసారమ్మా. ఆయన ఇటు తిరిగేలోపే కొట్టిన దుంగ కొట్టినట్టు వదిలేసి, గొడ్డలి తీసుకుని పారిపోయేవాణ్ణి.”