పద్నాలుగు పేర్లు

కోటలో మిగిలింది గుమ్మం ఒక్కటే.

రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక బండ. వెనకంతా అడవి తీగలు. ఆ గుమ్మం ఎదుటే దొరగారికి మడత కుర్చీ వేశారు.

సర్కారు మీద లేచిన పితూరీ అణిగి రెండేళ్లయింది. అనంతగిరి అవతలి కొండల్లో ఏ అడవి సర్కారుదో, ఏ ఊరు ఎవరిదో తేల్చి గీత గీయడానికి దొరగారి మకాం దిగింది. ఆ రోజు కోటకింది గూడెం వంతు. ఊరంతా కలిపి పాతిక గడప.

దొర వెంట రాతకు వచ్చిన అమీను వరహాలరావు మైదానం మనిషి. చెడ్డవాడు కాదు. కాగితం ఎలా నడవమంటే అలా నడుస్తాడు, అంతే.

"నూరేళ్లకు ముందునుంచీ ఉన్న ఊరైతే ఉంచుతారు. లేకపోతే అడవిలో కలిపేస్తారు. మీ పెద్దల పేర్లు వరసగా చెప్పు, రాసుకుంటాను," అన్నాడు సుక్రుతో.

సుక్రు ఆ ఊరి పెద్ద. కోటకు కాపలా కాసిన మొదటి మనిషి నుంచి తన తండ్రి దాకా పద్నాలుగు పేర్లు అతనికి నోటికి వచ్చు. ఆ గూడేనికి ఉన్న చరిత్ర మొత్తం అదే. తాటాకు లేదు, శాసనం లేదు. సుక్రు నాలుక ఉంది.

కానీ ఆ పేర్లు ఊరికే పలకకూడదు.

ఏడాదికొకసారి, చైత్రం పండగనాడు పిలుస్తారు. ఎప్పుడు పిలిచినా గుమ్మం కింద కోడిని కోసి, నెత్తురు చూపించే పిలవాలి. వట్టి చేతులతో పిలిస్తే పెద్దలు ఆకలితో వస్తారు. పిలిచినవాడి ఇంట్లో మనిషినే తింటారు.

సుక్రు తండ్రి ఒకసారి జీలుగు కల్లు మత్తులో ఒక్క పేరు పైకి అనేశాడు. వారం తిరక్కుండా సుక్రు చెల్లెలు పోయింది.

"ఎవలింట్లోనైనా కోడి మిగిలిందా?" అన్నాడు సుక్రు వెనక్కి తిరిగి.

ఎవరింటా మిగల్లేదు.

మకాం వంటకని జవాన్లు నిన్ననే గూడెంలో కోళ్లన్నీ పట్టుకుపోయారు. పెద్దల పేరున వదిలిన ఎర్రపుంజు మాత్రం చిక్కలేదు. దాన్ని ఈ పొద్దున సుక్రే చంకన పెట్టుకెళ్లి వంటవాడికి ఇచ్చాడు. గడపకు వచ్చిన మనిషికి కడుపునిండా పెడితే ఆ మనిషి కీడు చెయ్యడని అతని నమ్మకం. పేర్లు అడుగుతారని పాపం అతనికేం తెలుసు?

ఆ పుంజు ఇప్పుడు దొరగారి పళ్లెంలో ఉంది.

"బాబూ, ఒక్క రోజు ఆగండి. రెండు కొండల అవతలకెల్లి కోడి తెత్తాను. అప్పుడు సెప్తాను."

వరహాలరావు ఆ మాట దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఎముక పక్కన పెట్టి నవ్వాడు.

"దొరగారు నువ్వు కోడి పోయిందని ఏడుస్తున్నావనుకుంటున్నారు. అవతల గుర్రాలకు జీను వేస్తున్నారు. పోనీ, ఒక్క పేరు చెప్పు. ఒక్కటి రాసినా ఏదో దారి చూస్తాను."

అమీను నిజంగానే బతిమాలుతున్నాడు.

సుక్రు తల అడ్డంగా ఊపాడు.

జనంలోంచి అతని భార్య చిన్నమ్మలు ముందుకు వచ్చింది.

"సెప్పీ. పాతిక కొంపలు పోతాయి."

"కోడి నేదే."

"నానున్నాను గదా. ఆకలేత్తే నన్నే తింతారు. సెప్పీ."

సుక్రు ఆమె వంక చూశాడు. నలభై ఏళ్లుగా తనకు చోడంబలి పోసిన మనిషి. చూసి, తల దించుకున్నాడు.

అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

వరహాలరావు కలం సిరాలో ముంచి, పూర్వ చరిత్ర ఏమీ లేదని రాసుకున్నాడు.

నాలుగు నెలలు గడిచి, చైత్రం పండగ ఇంకా పది రోజులుందనగా అడవి గార్డు వచ్చాడు. ఊరు ఖాళీ చెయ్యమన్నాడు.

ఆడవాళ్లు మూటలు కట్టారు. చిన్నమ్మలు తిరగలి నెత్తికెత్తుకుంది.

ఈసారి సుక్రు చంకలో పుంజు ఉంది. మకాం వెళ్లగానే సంతలో కొని, ఈ నాలుగు నెలలూ గింజలు పోసి పెంచాడు.

గుమ్మం కింద దాన్ని కోశాడు. నెత్తురు రాతికి పూశాడు. మొదటి కాపలాదారు నుంచి తన తండ్రి దాకా పద్నాలుగు పేర్లూ గట్టిగా పిలిచాడు. ఎక్కడా తడబడలేదు.

గార్డు తలపాగా తీసి చేత్తో పట్టుకుని, అన్నీ విన్నాడు.

"రాసుకోండి బాబూ," అన్నాడు సుక్రు.

"నాకు రాత రాదు తాతా," అన్నాడు గార్డు. "బేగి దిగండి. ఎండ ముదిరిపోతాది."