బావ హస్తవాసి

“జరగండి, జరగండి!” అంటూ బావ సర్క్యూట్ బోర్డు మీద వేలు ఆనించాడు. అంతదాకా చచ్చినట్టు పడున్న తెర మీద క్లాకు సిగ్నల్ అలలు పరుగెత్తాయి.

“నీ హస్తవాసి మంచిదయ్యా!” అని మురిసిపోతూ మేనేజరు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు.

అదే ల్యాబులో పనిచేసే మరదలికి ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే తంతు! భూతద్దం పెట్టి చూసింది. క్లాకును పంచే చిప్పుకి, దాన్ని ఆన్ చేసే ఎనేబుల్ పిన్ను ఒకటుంది. దాన్ని గ్రౌండుకి కలిపితేనే క్లాకు బయటికొస్తుంది. ఇక్కడ అది దేనికీ కలవలేదు. ఇన్నాళ్లూ కలుపుతున్నది బావ వేలే!

“దొరికావు బావా! హస్తవాసీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇక్కణ్ణుంచి గ్రౌండుకి ఓ రెసిస్టరు పడితే నీ వేలితో పనే లేదు. సారు రానీ, నీ సంగతి చెప్తా!”

“చెప్పు తల్లీ,” బావ గొంతు తగ్గించాడు. “ఆ రెసిస్టరు మర్చిపోయి బోర్డు డిజైను గీసిందెవరని అడుగుతాడు. అదీ చెప్పు.”

మరదలు నాలుక్కరుచుకుంది. గీసింది తనే.

తలుపు తెరుచుకుంది. “ఏమ్మా, తప్పేమైనా దొరికిందా?”

“తప్పేముంది సార్!” బావ వేలికి చోటిస్తూ పక్కకి జరిగింది మరదలు. “అంతా మా బావ హస్తవాసి!”