నలభై నిమిషాల దూరం

"విమానం బయల్దేరింది. దూరం రెండొందల ముప్పై కిలోమీటర్లు, నలభై నిమిషాల్లో మీ దగ్గరుంటుంది" అన్నాను మా కంట్రోల్ టవర్ మైకులో.

"మళ్లీ చెప్పండి" అంది అవతలి ఊరి టవర్లోంచి ఒక గొంతు.

ఒళ్లు మండిపోయింది. ఆ గొంతు మా ఆయనది. నాతో పోట్లాడి, మాట మాత్రమైనా చెప్పకుండా అక్కడికి బదిలీ చేయించుకుని ఆర్నెల్లయింది. ఇంటికి రాడు, ఫోను చెయ్యడు. ఈ లైన్లో పలికే ప్రతి మాటా రికార్డవుతుంది కాబట్టి కడిగిపారెయ్యడానికీ వీల్లేదు. పళ్లు నూరుతూ మళ్లీ చెప్పాను. రోజూ ఇదే వరస.

ఆ పూట తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్లాను.

"ఆయనకి చెవుడైనా ఉండాలి, పొగరైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి సార్."

ఆఫీసరు వారం రోజుల రికార్డింగులు తెప్పించి నా ముందే పెట్టాడు. మా టవర్లో మిగతావాళ్లంతా గడగడా చెప్పుకుపోయారు. వాళ్లలో ఒక్కరిని కూడా ఆయన మళ్లీ చెప్పమనలేదు.

"చెవుడు కాదులేమ్మా" అన్నాడు ఆఫీసరు, నా మొహంలోకి చూడకుండా.

నాకు కోపం ఇంకా పెరిగింది. గొంతు కావాలి గానీ మనిషి అక్కర్లేదన్నమాట.

మర్నాడు విమానం బయల్దేరిందని చెప్పాను.

"మళ్లీ చెప్పండి" అన్నాడు.

"సాయంత్రం ఇటొచ్చే విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నాయి. ప్రయాణం నలభై నిమిషాలే. రికార్డయితే అయింది. ఇంక మళ్లీ చెప్పను."