పదిహేనో స్టిక్కు

“పందొమ్మిది ఉన్నాయమ్మగారూ,” అన్నాడు ఏసురాజు, సంచిలోంచి తీసిన గోల్ఫ్ స్టిక్కులన్నీ వరండాలో చాప మీద వరసగా పేర్చి. “పోటీలో పద్నాలుగుకి మించి ఒక్కటి ఎక్కువున్నా ఒప్పరు. అయిదు తీసెయ్యాల.”

కృపారాణి తలూపింది. ఆ లెక్క ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్లుగా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

శనివారం మిల్లు మైదానంలో ఆమె భర్త స్టాన్లీ పేరు మీద పోటీ. ఆయన పోయి ఆ రోజుకి ఏడాది. నాన్న సంచితోనే ఆడతానని కూతురు గ్లోరీ విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి పట్టుబట్టింది. పోటీలు మానేశాక స్టాన్లీ ఆ సంచిలో ఏవేవో కుక్కేశాడు, వాటిలోంచి ఏరిపెట్టే మనిషి కావాలంటూ కృపారాణి భావనపాడుకి కబురు పంపింది. అసలు కారణం అది కాదు. ఏరిపెట్టడానికి విజయనగరంలో మనుషులు కరువా? ఏసురాజుకి ఆమె ఒక మాట చెప్పాలి. చెప్పకుండానే పోతానేమోనని ఆమె భయం.

“గ్లోరీ పాప బలంగా కొడతాదా, నిదానమా?”

“వాళ్ల నాన్న లాగే. నిదానం.”

“అయితే ఈ త్రీ ఐరన్ ఒద్దు. ఇది మొండిది, అందరికీ లొంగదు.” దాన్ని చాప చివరికి నెట్టాడు. “బంతిని ఎత్తుగా లేపే ఈ వెడ్జ్ మాత్రం ఏటికి? మన మైదానంలో గుంట సుట్టూ పచ్చిక ఎక్కడున్నాది, అంతా ఇసకే కదా. దొర్లించుకుంటే సరిపోతాది.”

ఒక్కో స్టిక్కునీ ఎత్తి, బొటనవేలితో అంచు తడిమి, సంచిలోకో పక్కకో పంపుతున్నాడు. అరవై దాటిన మనిషి. వలలు లాగి లాగి అరచేతులు బండబారిపోయాయి గాని, స్టిక్కు అందేసరికి ఆ వేళ్లకి పాత ఒడుపు వచ్చేసింది. కృపారాణి ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది. దేవుడు ఈ మనిషిని ఈ పనికే పుట్టించాడు. ఆ పని అతనికి లేకుండా చేసింది తను.

అప్పట్లో స్టాన్లీ మిల్లులో ఇంజనీరు, ఏసురాజు ఆయన సంచి మోసే క్యాడీ. కప్పు పోటీ రోజు పొద్దున్న మగవాళ్లిద్దరూ టీ తాగుతుండగా కృపారాణి తన బీరువా తెరిచింది. చీరల మడతల మధ్య, చనిపోయిన మామగారి సెవెన్ ఐరన్ స్టిక్కు ఉండేది. ఆ బీరువా తాళంచెవి ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు. పెద్దాయన చేతి స్టిక్కు తోడుంటే మంచిదని, దాని మీద చెయ్యుంచి ప్రార్థన చేసి, చప్పుడు కాకుండా సంచిలోకి జార్చింది. పద్నాలుగే ఉండాలని ఆమెకేం తెలుసు, పాపం.

సంచిలో పదిహేనో స్టిక్కు ఉందని నాలుగో గుంట దగ్గర బయటపడింది. తక్కువ దెబ్బల్లో, అంటే స్ట్రోకుల్లో, ముగించినవాడిదే గెలుపు కదా, శిక్షగా స్టాన్లీకి నాలుగు కలిపారు. మూడు స్ట్రోకుల తేడాతో కప్పు పోయింది. సాయంత్రం ఇంటికొస్తూనే, ఏమైందని ఆమె అడిగేలోపే, ఈ వరండాలోనే ఏసురాజు మీద విరుచుకుపడ్డాడాయన. ఆయన గొంతు పెంచడం ఆమె చూసింది ఆ ఒక్కసారే.

“పొరపాటున ఒకటి ఎక్కువ పెట్టేసినానమ్మా,” అన్నాడు ఏసురాజు, తిడుతున్న ఆయన్ని వదిలేసి ఆమె వైపు చూస్తూ.

బెదిరిపోయి చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడని ఆమెకి తెలుసు. నోరు తెరవబోయింది. మొగుడి మొహం చూసి మూసుకుంది.

ఆ వారమే గోల్ఫ్ కమిటీ వాళ్లు ఏసురాజుని ఇక రావద్దన్నారు. అతను పెళ్లాంబిడ్డల్ని తీసుకుని భావనపాడు వెళ్లిపోయి పడవెక్కాడు. స్టాన్లీ మళ్లీ ఏ పోటీలోనూ ఆడలేదు, అతని పేరూ ఎత్తలేదు. ఆ కోపం చల్లారలేదు కాబోలనుకుంది ఆమె. ఎన్ని ఆదివారాలు చర్చిలో మోకాళ్ల మీద ఉండి, ఇవాళ ఆయనకి చెప్పేస్తాననుకుందో లెక్కలేదు. ఇల్లు చేరేసరికి ధైర్యం జారిపోయేది. చివరికి చెప్పకుండానే ఆయన్ని సాగనంపింది.

“పద్నాలుగు,” అన్నాడు ఏసురాజు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారీ పెట్టాడు. చాప మీద మిగిలిన అయిదింటిలో మామగారి సెవెన్ ఐరన్ ఉంది. “ఇదీ మంచిదే గానీ, సంచిలో ఒక సెవెన్ ఉన్నాది కదమ్మా,” అంటూ దాన్ని గుడ్డతో తుడవసాగాడు.

కృపారాణి ఇక ఆగలేకపోయింది.

“ఏసురాజూ, ఆ రోజు అది సంచిలో పెట్టింది నేను.”

గుడ్డ ఆగింది.

“నేనే పెట్టాను. నీ పని పోతుంటే నోరు విప్పకుండా కూర్చున్నాను. సారు పోయేదాకా నీదే తప్పనుకున్నారు. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఏసురాజు కళ్లెత్తి ఆమెని వింతగా చూశాడు. “మీరు పెట్టిందే దొరికిందని మీకు అప్పుడే తెలుసా అమ్మా?”

“ఆ సాయంత్రమే తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఇన్నేళ్లూ కుమిలి చచ్చాను.”

అతను చేతిలోది చాప మీద పెట్టేసి గోడకి జారగిలబడ్డాడు.

“మీ స్టిక్కు వల్లే కప్పు పోయిందని మీకు తెలీకూడదనే సారు నన్ను ఒప్పుకోమన్నారమ్మా.”