ఓడలో పంటి నొప్పి

యూరప్ పాటల పోటీకి ఈసారి మా మాల్టా తరఫున వెళ్లింది చెన్సు కూతురు. ఆమె వేసుకున్న పొట్టి గౌను చూసి చెన్సు నెల రోజులుగా కూతురితో మాట్లాడడం లేదు. ఫాదర్ సల్వు అయితే ఆదివారం ప్రసంగమంతా ఆ గౌను మీదే చేశారు.

పోటీ రోజు పొద్దున్నే ఇటలీలోని సిసిలీకి వెళ్లే ఓడలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఎక్కడికి ఫాదర్ గారూ?"

"పంటి నొప్పిరా. అక్కడ మంచి డాక్టరున్నాడట. నువ్వో?"

"టమాటా విత్తనాలకండి."

"మన ఊళ్లో దొరకవూ?"

"మన ఊళ్లో పళ్ల డాక్టరు లేడాండీ?"

ఆ తర్వాత ఇద్దరూ సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు.

రేవు దిగాక చెన్సు ఫోన్ల కొట్టు ముందు వరుసలో నిలబడ్డాడు. ముందు మనిషి వెనక్కి తిరిగితే, ఫాదరే.

ఫోన్లో ఓట్లేసే ఆ పోటీలో సొంత దేశానికి వెయ్యకూడదు కాబట్టి, మాల్టా పాటకు మాల్టా ఫోను నుంచి ఓటు పడదు. ఇటలీ నంబరైతే పడుతుంది.

ఫాదర్ దవడ మీంచి చేయి దించారు.

"ఒక్కో నంబరుకు ఇన్నే ఓట్లని లెక్కుందటగా?"

"ఉందండి."

"అయితే నేను రెండు నంబర్లు తీసుకుంటా. గౌను మాత్రం తప్పేరా, చెన్సూ."