పశువైద్యం కింద పదకొండు

“ఈ లైబ్రరీలో ఏ పుస్తకం ఏ విషయం కిందికి వస్తుందో ముప్పై ఏళ్లు నేనే తేల్చాను. నా పేరు ఎక్కడైనా రాశారా? నిన్నగాక మొన్న వచ్చిన మిషన్ తేలిస్తే మాత్రం దాని పేరూ, తేదీ, తను తేల్చినదాని మీద దానికి నమ్మకం ఎంత శాతమో కూడా రికార్డులో రాయాలా?” అన్నాడు క్యాటలాగర్.

కొత్త లైబ్రేరియన్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. “అది సన్మానం కాదు సార్. తప్పయితే ఎవర్ని అనుమానించాలో తెలియాలి కదా. మీరు పెట్టినవాటిని ఎవరూ అనుమానించరు.”

 క్యాటలాగర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“పశువైద్యం కింద పదకొండు పుస్తకాలున్నాయి. తెప్పించమ్మా.”

“ఏమైంది వాటికి?”

“వాటిని అక్కడ చేర్చిన రోజు నాకు పన్ను నొప్పి. కట్టలో పైపుస్తకం చూసి, మిగతావీ అవే అనుకున్నాను.”

పదకొండూ బల్ల మీదికి వచ్చాయి. నాలుగోది కవితలు. ఇరవై రెండేళ్లలో దాన్ని ఒక్కరూ తీసుకెళ్లలేదు.

ఆమె ఆ పుస్తకం రికార్డు తెరిచింది. “పశువైద్యమని తేల్చింది ఎవరని రాయను సార్?”

“నా పేరే రాయమ్మా.”

“నమ్మకం గడిలో?”

అతను దవడ తడుముకున్నాడు. “పన్ను నొప్పి అని రాస్తే ఆ గడి ఒప్పుకుంటుందా?”